రెండు చక్రాలు... ఏడు వందల ఏళ్లు!

నెల్లూరు నుంచి సముద్రం వైపు సైకిలు తొక్కుకుంటూ వెళ్తే కనిపించేవి వరిమళ్లు, రొయ్యల గుంటలు, సరుగుడు తోపులు. కనిపించనివి... యుద్ధాలు! పాండ్యుల వీరాభిషేకం మొదలు జపాను బాంబుల భయం దాకా ఈ తీరం చాలా కయ్యాలే చూసింది.

ఆదివారం తెల్లవారుజాము అయిదు గంటలు. పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి గోపురం ఇంకా చీకట్లోనే ఉంటుంది. వీధి చివర టీకొట్టులో పొయ్యి అప్పుడే అంటుకుంటుంది. సన్నటి టైర్లు, వంకీ తిరిగిన హ్యాండిలు, తలమీద హెల్మెట్టు... ఆ వేషంలో నలుగురు కుర్రాళ్లు ఆగితే టీకొట్టు పెద్దాయన ఎగాదిగా చూసి ఒకటే అడుగుతాడు: 'ఏందబ్బయా, బండికి పెట్రోలు లేదా?'

దూరాలు తొక్కేవాళ్లకి నెల్లూరు తీరం ఓ విధంగా స్వర్గం. ఘాట్‌ రోడ్డు లేదు, గుట్ట లేదు. కాలవ వంతెన ఎక్కి దిగడమే ఇక్కడి కొండ. అయితే దాన్ని చూసి మురిసిపోతే పొరపాటే. ఎక్కాల్సిన గుట్ట గాలి రూపంలో ఉంటుంది. పొద్దెక్కాక సముద్రం మీంచి వీచే గాలికి ఎదురు తొక్కడమంటే కిలోమీటరు రెండు కిలోమీటర్లవుతుంది. అందుకే చీకటితోనే బయల్దేరాలి.

కోట పోయె... మిట్ట మిగిలె!

ఊళ్లోంచి బయటపడకముందే మొదటి యుద్ధం తగులుతుంది. కోటమిట్ట అంటే నెల్లూరులో తెలియనివాళ్లు ఉండరు. కోట ఏదని అడిగితే మాత్రం ఆలోచనలో పడతారు. 1757లో ఇక్కడ అధికారంలో ఉన్నవాడు నజీబుల్లా ఖాన్‌. ఆర్కాటు నవాబు మహమ్మదలీకి స్వయానా తమ్ముడు. అన్న మీదే తిరగబడ్డాడు. నవాబు తరఫున ఈస్టిండియా కంపెనీ కర్నల్‌ ఫోర్డ్‌ను పంపింది. ఫిరంగులతో వచ్చి గోడకు గండి కొట్టారు. లోపలికి దూకబోయి చావుదెబ్బ తిన్నారు. నెల్లూరు కోట లొంగలేదు, ఫోర్డ్‌ వెనక్కి పోయాడు.

ఆ పేరు చరిత్ర పుస్తకాల్లో వినబడేది వేరే సందర్భంలో. మరుసటి ఏడాది డిసెంబరులో గోదావరి జిల్లా చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లను ఓడించి, 1759లో మచిలీపట్నం పట్టుకుని, ఉత్తర సర్కారుల్ని ఇంగ్లిషువాళ్లకు దక్కించినవాడూ ఆ ఫోర్డే! చందుర్తి గెలుపు పాఠాల్లోకి ఎక్కింది. నెల్లూరు ఓటమి ఎక్కలేదు. గెలిచినవాళ్లు రాయించుకునే చరిత్రలో అలాగే ఉంటుంది మరి.

ముత్తుకూరులో ముగిసిన రాజ్యం

నెల్లూరు నుంచి కృష్ణపట్నం దాదాపు పాతిక కిలోమీటర్లు. మధ్యలో ముత్తుకూరు. ఇప్పుడు ఇటు వచ్చేవాళ్లకి ఈ పేరు వినగానే గుర్తొచ్చేవి విద్యుత్కేంద్రాల పొగగొట్టాలూ, రేవుకు వెళ్లే లారీలూ. సైకిలు తొక్కేవాళ్లకి ఆ లారీలే గండం. ఈ దారిలో తెల్లారేలోపే సగం దూరం దాటేయమని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే.

ఏడున్నర శతాబ్దాల కిందట ఈ నేల మీద జరిగింది చిన్న యుద్ధం కాదు. అప్పుడు నెల్లూరును ఏలినవాడు తెలుగు చోడుడైన మనుమసిద్ధి. మహాభారతాన్ని తెలుగు చేసిన తిక్కన సోమయాజి ఆయన ఆస్థానంలోనే మంత్రి. దాయాదులు రాజ్యం లాక్కుంటే తిక్కన ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుణ్ని మెప్పించి, కాకతీయ సేనల సాయంతో మనుమసిద్ధిని మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టాడని చెబుతారు. కవి రాయబారంతో నిలిచిన రాజ్యమది.

దాని మీదికి దక్షిణం నుంచి ముంచుకొచ్చాడు మధుర పాండ్యరాజు జటావర్మ సుందర పాండ్యుడు. 1263 ప్రాంతంలో 'ముదుగూరు' దగ్గర తెలుగుసేనల్ని ఊచకోత కోశామని పాండ్య శాసనాలు గొప్పగా చెప్పుకున్నాయి. ఆ ముదుగూరు ఈ ముత్తుకూరేనని చరిత్రకారులు గుర్తించారు. గెలిచిన పాండ్యుడు నెల్లూరులోనే వీరాభిషేకం చేయించుకున్నాడు. ఓడించిన రాజు ఊళ్లోనే తలంట్లు పోయించుకున్నట్టు! ఆ తర్వాత నెల్లూరు చోడుల వెలుగు మళ్లీ మునుపటిలా లేదు.

(ఖడ్గతిక్కన కథ కూడా ఆ రోజులదే. ఆవుల మేతకు పుల్లరి కట్టనన్న కాటమరాజుతో జరిగిన పోరులో వెన్నిచ్చి ఇంటికొస్తే, స్నానానికి నీళ్లతోపాటు పసుపుముద్ద పెట్టి భార్యా, విరిగిన పాలు పోసి తల్లీ సిగ్గుతెచ్చారనీ, మళ్లీ యుద్ధానికెళ్లి ప్రాణాలిచ్చాడనీ జనం చెప్పుకుంటారు. ఆ పంచలింగాల దారి పడమటి మెట్టల్లో ఉంది. అది వేరే ఆదివారం పని.)

ముత్తుకూరు దాటాక వచ్చే కృష్ణపట్నం అప్పటికే రేవు. ఇప్పటి రేవు 2008లో మొదలైంది. ఊరిని ఆనుకుని కండలేరు ఉప్పుటేరు, దగ్గర్లోనే బకింగ్‌హాం కాలవ. 1877-78 నాటి ధాత కరవులో ఆకలిచావుల మధ్య, కూలి గింజల కోసం జనం కొంత భాగం తవ్విన కాలవ ఇది. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారుగానీ తవ్వినవాళ్లు ఈ ఊళ్లవాళ్లే. బియ్యం, కట్టెలు, ఉప్పు పడవల మీద చెన్నపట్నం చేరేవి. వంతెన మీద సైకిలు ఆపి చూస్తే గుర్రపుడెక్క కింద నీళ్లెక్కడున్నాయో వెతుక్కోవాలి. 2004 సునామీలో మాత్రం ఈ పాత కాలవే చాలాచోట్ల అలల తాకిడిని మింగి ఊళ్లను కాపాడిందని శాస్త్రజ్ఞులు తేల్చారు.

సైకిలెక్కి వచ్చిన సైన్యం

సైకిలుకీ యుద్ధానికీ ఏం సంబంధం అనుకుంటున్నారా? 1941 డిసెంబరులో జపాను సేనలు మలయాలో దిగాయి. దట్టమైన రబ్బరు తోటల మధ్య వాళ్లను నడిపించింది ట్యాంకులొక్కటే కాదు, వేలకొద్దీ సైకిళ్లు! టైర్లు పగిలితే ఆగలేదు. ఉత్తి ఇనుప రిమ్ముల మీదే తొక్కారు. రాత్రిపూట తారురోడ్డు మీద ఆ గడగడ విని ట్యాంకులొస్తున్నాయని అవతలి సైనికులు బెదిరిపోయారంటారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయింది. ఆ తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్లు ఎందరో. వాళ్లలో చాలామందిని తర్వాత సయాం-బర్మా రైలుమార్గం పనికి తోలుకెళ్లారు. తిరిగిరానివాళ్ల లెక్క ఎవరూ సరిగా తేల్చలేదు.

భయం తెలుగు తీరానికి చేరడానికి రెండు నెలలు పట్టలేదు. ఏప్రిల్‌ 5న కొలంబో మీద బాంబులు. మర్నాడే విశాఖపట్నం, కాకినాడ. అదే వారంలో బంగాళాఖాతంలో సరుకుల ఓడలు వరసగా మునిగాయి. మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలను లోపలి ఊళ్లకు తరలించారు. జనం లక్షల్లో పట్నం విడిచారు. విశాఖకూ మద్రాసుకూ నడుమన నెల్లూరు తీరం. రెండు వైపుల నుంచీ కబుర్లు, పుకార్లు. ఈ తరహా బెదురు అంతకుముందూ ఒకసారి తెలుసు. 1914 సెప్టెంబరు 22 రాత్రి 'ఎమ్డెన్‌' అనే జర్మనీ యుద్ధనౌక మద్రాసు రేవులోని చమురు ట్యాంకుల్ని పేల్చేసినప్పుడు. కానీ ఈసారి శత్రువు వచ్చి వెళ్లిపోయే ఓడ కాదు, దేశాలు పట్టుకునే సైన్యం.

ఆ కాలంలో పెట్రోలుకు రేషను. బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచాయి. విదేశాల నుంచి రావాల్సిన సైకిళ్లకూ కటకటే. బీఎస్‌ఏ, హెర్క్యులిస్‌ లాంటివన్నీ అప్పటికి ఇంగ్లండు నుంచి రావలసిందే కదా! మద్రాసు శివారు అంబత్తూరులో సైకిళ్ల కర్మాగారం వెలిసింది స్వాతంత్య్రం వచ్చాకే. కాబట్టి ఇంట్లో ఉన్న ఒక్క సైకిలే ఆస్తి.

తుపాకుల కోట... చట్టంలోని రేవు

కృష్ణపట్నం నుంచి దక్షిణానికి వెళ్లాలంటే ఉప్పుటేరు అడ్డం. కాస్త పడమరకు చుట్టుతిరిగి కోట, వాకాడు మీదుగా దుగరాజపట్నం చేరాలి. రానూపోనూ వంద కిలోమీటర్లు దాటే దారి. వాకాడు దగ్గర స్వర్ణముఖి దాటాక జనం పలచబడతారు. తాటిచెట్లు, జీడిమామిడి, ఇసుక మేటలు. ఎండాకాలమైతే ముంజలమ్మేవాళ్లు ఎదురవుతారు. దుగరాజపట్నంలో చేపల వలలు ఆరేసిన దారిలో ఇసుక టైర్లను పట్టేస్తుంది. దిగి నడవాల్సిందే.

ఈ దేశంలో ఇంగ్లిషువాళ్లు మొట్టమొదట ఫిరంగులు నిలబెట్టి కోట కట్టుకున్న చోటు ఇదంటే నమ్మశక్యం కాదు! మచిలీపట్నంలో 1611 నుంచే వాళ్లకు గిడ్డంగి ఉంది. పులికాట్‌లో డచ్చివాళ్లతో పొత్తు కుదరలేదు. 1613 నుంచీ అక్కడ డచ్చివాళ్ల కోట ఉంది మరి. 1626లో ఇక్కడికొచ్చారు. చోటు ఇప్పించడంలో సాయపడిన ఆర్ముగం ముదలియారు పేరుమీద దీనికి 'ఆర్మగాం' అని పేరు పెట్టుకున్నారని చెబుతారు. రెండేళ్లకల్లా పన్నెండు ఫిరంగులు, ఇరవైమూడు మంది గుమాస్తాలూ సిపాయీలూ. అంతే వాళ్ల బలం! ఇక్కడి పెద్ద ఫ్రాన్సిస్‌ డేకు బట్టల వ్యాపారం గిట్టలేదు. తీరం వెంట ఇంకా దక్షిణానికి వెళ్లి, 1639లో దామెర్ల నాయకుల దగ్గర మద్రాసపట్నం సంపాదించాడు. మరుసటి ఏడాదికి ఆర్మగాం ఖాళీ. చెన్నపట్నం మహానగరమైంది. దుగరాజపట్నం పల్లెగానే మిగిలింది.

పట్నం అయ్యే అవకాశం మరోసారి తలుపు తట్టింది. 2014 రాష్ట్ర విభజన చట్టంలో పేరుపెట్టి మరీ రాశారు, దుగరాజపట్నంలో పెద్ద రేవు కట్టాలని, తొలిదశ 2018 చివరికల్లా పూర్తవాలని. ఒకపక్క శ్రీహరికోట రాకెట్‌ కేంద్రం, ఇంకోపక్క పులికాట్‌ పక్షులు. అభ్యంతరాలు వచ్చాయి. లాభసాటి కాదన్నారు. గడువు దాటిపోయింది. ఓడలు రాలేదు. 2022లో జిల్లాలు మారినప్పుడు ఊరు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. పిల్లల చదువులకూ, చేపల వేట లేని నెలల్లో పనికీ ఎటు పోవాలన్నది ఇక్కడివాళ్లకు ఇప్పటికీ ప్రశ్నే. కట్టినా బతుకులేమవుతాయో, కట్టకపోతే ఏమవుతాయో తేల్చుకోలేని ఊరు.

చూడ్డానికి కోట అంటూ ఏదీ మిగల్లేదు. ఆ పాత పేరు మాత్రం ఈ తీరంలోని ఆర్మగాం దీపస్తంభానికి మిగిలింది. సముద్రం మీద వెళ్లే నావికులకు అదే గుర్తు.

వెళ్లాలనుకుంటే డిసెంబరు ఆఖరు నుంచి మార్చి దాకా మేలు. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం. ట్యూబులు రెండు ఎక్కువ పెట్టుకోండి, ఇటువైపు తుమ్మముళ్లకు కొరత లేదు. రెండు సీసాల నీళ్లు చాలవు. తిరుగు ప్రయాణం మధ్యాహ్నం ఎండ తగ్గాక పెట్టుకోవాలి. అప్పటికి గాలి సముద్రం మీంచి, ఆగ్నేయం దిక్కు నుంచి లేస్తుంది. ఉత్తరానికి, నెల్లూరు వైపు తిరిగేవాళ్ల వీపు మీద చెయ్యేసి తోస్తుంది.