అమెజాన్ లెక్క: కళ్లు అరువు, కొలత సొంతం

అమెజాన్ అడవి ఏటా ఎన్ని చదరపు కిలోమీటర్లు నరికివేతకు గురైందో బ్రెజిల్ 1988 నుంచి లెక్క తీస్తోంది. ఆ లెక్కకు ప్రోదెస్ అని పేరు. సావో జోసే దోస్ కాంపోస్ నగరంలోని జాతీయ అంతరిక్ష పరిశోధన సంస్థ ఇన్‌పె దీన్ని చూసుకుంటుంది. ఇందుకు వాడే చిత్రాల్లో ఎక్కువ భాగం పరాయి ఉపగ్రహాలు తీసినవే. అమెరికా లాండ్‌శాట్ ప్రధాన ఆధారం. దానికి తోడు చైనాతో కలిసి నిర్మించిన సీబర్స్, భారత్ రిసోర్స్‌శాట్ వంటివి పనికొచ్చాయి. ఏది అడవి, ఏది నరికిన నేల అన్న నిర్ణయం మాత్రం బ్రెజిల్‌ది.

ఈ ఏర్పాటు పునాది పాతదే. బ్రెజిల్ నడిబొడ్డున ఉన్న కుయాబాలో నిలబెట్టిన యాంటెన్నా 1973లోనే లాండ్‌శాట్ చిత్రాలను అందుకోవడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో ఉపగ్రహంలోని టేప్ రికార్డర్లను నమ్ముకోవడానికి లేదు. ఉపగ్రహం నెత్తి మీద ఉన్న కాసేపట్లోనే బొమ్మను నేల మీదికి దింపుకోవాలి. కుయాబా నుంచి చూస్తే దక్షిణ అమెరికాలో చాలా భాగం అందుబాటులోకి వస్తుంది. తర్వాత 1988లో సీబర్స్ కోసం చైనాతో ఒప్పందం కుదిరింది. మొదటి రెండు ఉపగ్రహాల ఖర్చులో 70 శాతం చైనాది, 30 శాతం బ్రెజిల్‌ది. మొదటిది 1999లో ఎగిరింది. 2013లో ఒకటి ప్రయోగంలోనే పోయింది. మరుసటి ఏడాదే ఇంకొకటి పంపారు.

లెక్క తీసే పని చెప్పుకోవడానికి తేలిక, చేయడానికి ఓపిక కావాలి. తెర మీది బొమ్మలో అడవి పచ్చగా, కొట్టేసిన నేల గులాబీ రంగులో కనిపించేలా రంగులు కలుపుతారు. రొండోనియా రాష్ట్రం బొమ్మ తెరిస్తే చేప ముల్లు గుర్తుకొస్తుంది: నడుమ పెద్ద రోడ్డు, దానికి రెండు పక్కలా వరసగా చీలిన దారులు, ఆ దారుల వెంట గులాబీ ముక్కలు. నిరుటి వరకూ పోయిన అడవినంతా ముందే కప్పేస్తారు. మిగిలిన పచ్చదనంలో కొత్తగా కనిపించిన గులాబీ ముక్క అంచుల వెంట గీత గీస్తారు. ఆ ముక్క కనీసం 6.25 హెక్టార్లు, అంటే పదిహేను ఎకరాల పైచిలుకు ఉంటేనే లెక్కలోకి వస్తుంది. ఏడాది ఆగస్టుతో మొదలై జూలైతో ముగుస్తుంది. ఏడాది మారే ఆ నెలల్లోనే వానలు తగ్గి ఆకాశం తేటపడుతుంది కనుక అలా పెట్టుకున్నారు.

ఒకసారి కొట్టేసిన చోట మళ్లీ చెట్లు పెరిగినా ప్రోదెస్ దాన్ని అడవి ఖాతాలోకి తిరిగి రానివ్వదు. భారత అటవీ సర్వే పద్ధతి వేరు. హెక్టారుకు మించిన స్థలంలో చెట్ల కప్పు 10 శాతం ఉంటే చాలు, నేల ఎవరిదైనా సరే, మామిడి తోటైనా సుబాబుల్ తోటైనా అది అటవీ విస్తీర్ణమే. రెండు దేశాల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చేవారు ఈ సంగతి మరిచిపోతుంటారు. ఒకే ఉపగ్రహం తీసిన బొమ్మ నుంచైనా నిర్వచనాన్ని బట్టి రెండు వేర్వేరు అంకెలు వస్తాయి.

ఏడాదికోసారి వచ్చే లెక్క శవపరీక్ష లాంటిది, అడవి పోయాకే సంగతి తెలుస్తుంది. ఈ లోటు తీర్చడానికి 2004లో దెతెర్ అనే హెచ్చరిక వ్యవస్థ వచ్చింది. మొదట అది నాసా మోడిస్ చిత్రాలతో నడిచింది. వాటిలో వివరం తక్కువ. 25 హెక్టార్ల కన్నా చిన్న నరికివేత అందేది కాదు. అయినా రోజూ చిత్రం దొరికేది, అదే దాని బలం. హెచ్చరిక అందగానే పర్యావరణ నిఘా సంస్థ ఇబామా సిబ్బంది హెలికాప్టర్లలో వెళ్లి రంపాలు పట్టుకున్నారు, ఆ భూమి వాడకాన్ని నిలిపేశారు. ఎక్కువ నరికివేత జరిగే మునిసిపాలిటీలకు 2008లో బ్యాంకు అప్పుల మీద ఆంక్షలూ వచ్చాయి. 2004లో 27,772 చదరపు కిలోమీటర్లున్న నష్టం 2012కు 4,571కి దిగింది. ఈ ఘనత అంతా ఉపగ్రహాలదే అనడం అతిశయోక్తి. కొత్తగా నరికిన నేలలో పండిన సోయా కొనబోమన్న వ్యాపారుల ఒప్పందం, కొత్త రక్షిత ప్రాంతాలు కూడా పనిచేశాయి. నరికేవాళ్లూ చేతులు కట్టుకుని కూర్చోలేదు, చిన్న చిన్న ముక్కలుగా కొట్టడం నేర్చారు. దానికి జవాబుగా సీబర్స్-4తో పాటు భారత రిసోర్స్‌శాట్ కెమెరా అవిఫ్స్ చిత్రాలను కూడా దెతెర్‌లోకి తెచ్చారు. వాటితో మూడు హెక్టార్ల ముక్క కూడా కనిపించసాగింది. అంతకు ముందు 2011లో లాండ్‌శాట్-5 మూగబోయి, 2013లో లాండ్‌శాట్-8 ఎగిరేదాకా ఏర్పడిన ఖాళీలోనూ రిసోర్స్‌శాట్ చిత్రాలు ఆదుకున్నాయి.

చిత్రాల ధర కూడా ఈ కథను మలుపు తిప్పింది. ఒకప్పుడు ఒక్క లాండ్‌శాట్ చిత్రానికి 600 డాలర్లు పెట్టాల్సి వచ్చేది. అమెరికా 2008లో పాత నిల్వతో సహా అంతా ఉచితం చేసింది. సీబర్స్ చిత్రాలను బ్రెజిల్ తన వాడుకరులకు 2004 నుంచే ఉచితంగా ఇస్తోంది. నార్వే, జర్మనీ డబ్బుతో 2008లో ఏర్పడిన అమెజాన్ నిధి కూడా ప్రోదెస్ అంకె మీదే ఆధారపడింది: నరికివేత తగ్గిందని కొలిచి చూపితేనే విరాళం.

అంకెకు ఇంత బరువు వచ్చాక దాని మీద రాజకీయం రాకుండా ఉండదు. 2019 జూలైలో దెతెర్ హెచ్చరికలు ఎగబాకాయి. అధ్యక్షుడు బొల్సొనారో అవి అబద్ధాలన్నారు. ఇన్‌పె అధిపతి రికార్డో గల్వావ్ బహిరంగంగా ఎదురు చెప్పి, ఆగస్టులో పదవి పోగొట్టుకున్నారు. ఆ ఏటి తుది లెక్కలో నష్టం పది వేల చదరపు కిలోమీటర్లు దాటింది. ముడి చిత్రాలు ఎవరైనా తీసుకుని సరిచూసుకునేలా ఉన్నప్పుడు అంకెను తొక్కిపెట్టడం కష్టం.

రెండేళ్లు తిరగకుండానే అదే ప్రభుత్వ శాస్త్ర మంత్రి, మాజీ వ్యోమగామి మార్కోస్ పోంటెస్ శ్రీహరికోటలో కనిపించారు. 2021 ఫిబ్రవరి 28 ఉదయం పీఎస్ఎల్‌వీ-సీ51 మోసుకెళ్లిన 637 కిలోల అమెజోనియా-1, బ్రెజిల్ పూర్తిగా తానే రూపొందించిన మొదటి భూపరిశీలన ఉపగ్రహం. అమెజాన్ నరికివేతను కనిపెట్టడం దాని ముఖ్యమైన పని. పులికాట్ పక్కనున్న ఆ దీవి నుంచి అమెజాన్‌కు ఒక కాపలాదారు వెళ్లాడన్నమాట.

మిగిలిన పెద్ద అడ్డంకి మబ్బు. మామూలు కెమెరా మబ్బు కింద ఏం జరుగుతోందో చూడలేదు, రాడార్ చూడగలదు. 2016లో జపాన్ సంస్థలు జైకా, జాక్సా తమ ఆలోస్-2 రాడార్‌తో ఉష్ణమండల అడవుల హెచ్చరికలను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాయి. ఐరోపా సెంటినెల్-1 డేటా కూడా ఉచితమే. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచే ఎగిరిన నైసార్‌లో నాసా ఎల్-బ్యాండ్, ఇస్రో ఎస్-బ్యాండ్ రాడార్లు ఉన్నాయి. పొడుగాటి ఎల్-బ్యాండ్ తరంగాలు ఆకులను దాటి కొమ్మలను, కాండాలను తాకి వెనక్కి వస్తాయి. పన్నెండు రోజులకోసారి అదే చోటు మళ్లీ కొలతకొస్తుంది.

రాడారైనా కెమెరా అయినా చెట్టు పడిందనే చెబుతాయి. కొట్టిందెవరో తేలాలంటే ఆ బొమ్మ మీద భూమి హద్దుల పటం పరచాలి. బ్రెజిల్‌లో 2012 అటవీ చట్టం అందుకోసమే గ్రామీణ భూముల నమోదు తెచ్చింది. అందులో హద్దులు చెప్పేది భూమి తనదని రాయించుకునే మనిషే. ప్రభుత్వ అడవి మీద కూడా అలా రాయించుకున్నవారున్నారు.