పెత్తనం చెల్లని చోట నాయకత్వం
స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ ప్రాజెక్టులను నడిపేవారికి ప్రత్యేక శిక్షణ అవసరం
జీతం, హోదా కాదు.. నమ్మకమే అక్కడ పెట్టుబడి

అది 2024 మార్చి చివరి వారం. మైక్రోసాఫ్ట్‌ సంస్థలో పనిచేసే ఆండ్రెస్‌ ఫ్రాయిండ్‌ అనే ఇంజినీరుకు చిన్న అనుమానం వచ్చింది. తాను పరీక్షిస్తున్న కంప్యూటర్‌లోకి దూరం నుంచి ప్రవేశించడానికి మామూలు కంటే దాదాపు అర సెకను ఎక్కువ సమయం పడుతోంది. మరొకరైతే పట్టించుకునేవారు కాదేమో. ఆయన మాత్రం కారణం తేలేవరకు వదల్లేదు. తవ్వుకుంటూ పోగా ‘ఎక్స్‌జెడ్‌’ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరో రహస్యంగా ఏర్పాటు చేసిన దొడ్డిదారి బయటపడింది. మార్చి 29న ఆయన ఈ విషయాన్ని లోకానికి వెల్లడించారు. అప్పటికి ఆ దొడ్డిదారి లినక్స్‌ ప్రయోగాత్మక కూర్పుల్లోకి మాత్రమే చేరింది. మరికొన్ని నెలలు ఎవరూ గమనించకుండా ఉంటే ప్రపంచంలోని అసంఖ్యాక సర్వర్ల తాళంచెవి అపరిచితుల చేతికి చిక్కేది.

ఈ కుట్ర జరిగిన తీరు తెలుసుకుంటే అసలు సమస్య బోధపడుతుంది. ఎక్స్‌జెడ్‌ను ఏళ్ల తరబడి ఒకే ఒక్క వ్యక్తి, ప్రతిఫలం లేకుండా, తీరిక వేళల్లో చూసుకుంటూ వచ్చారు. 2022 నాటికి ఆయన బాగా అలసిపోయారు. ఆ మాట బహిరంగంగానే చెప్పారు. సరిగ్గా అప్పుడే ముక్కూమొహం తెలియని కొందరు పని నెమ్మదిగా సాగుతోందని, బాధ్యతను మరొకరికి అప్పగించాలని ఒత్తిడి తెచ్చారు. ఆ సమయానికే ‘జియా టాన్‌’ పేరుతో ఒకరు ఓపికగా సాయం చేస్తూ దగ్గరయ్యారు. క్రమంగా నమ్మకం సంపాదించి, చివరకు సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసే అధికారం కూడా పొందారు. ఆపై 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన రెండు కూర్పుల్లో విషం కలిపారు.

అంత భారం మోసిన ఆ ఒక్క వ్యక్తిని తప్పుపట్టడం న్యాయం కాదు. లోపం వ్యవస్థలో ఉంది. ఆయనకు తోడు నిలిచే రెండో వరుస లేదు. వారసుడిని ఎలా ఎంచుకోవాలో చెప్పే నియమం లేదు. ఆ సాఫ్ట్‌వేర్‌ను వాడుకుని లాభపడే సంస్థల్లో ‘దీన్ని ఎవరు చూస్తున్నారు’ అని అడిగిన వారు లేరు. ఇవన్నీ ప్రోగ్రాములు రాయడంలో వచ్చే సమస్యలు కావు, నాయకత్వానికి సంబంధించినవి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ ప్రాజెక్టులను నడిపే మేనేజర్లకు ప్రత్యేక శిక్షణ కావాలన్న వాదనకు మూలం ఇదే.

మన చేతిలోనే ఉంది
ఎవరైనా వాడుకోవడానికి, లోపల ఏముందో చూడటానికి, మార్చుకోవడానికి, ఇతరులకు పంచడానికి హక్కు ఉన్నదే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌. రిచర్డ్‌ స్టాల్‌మన్‌ 1983లో అమెరికాలో ఈ ఉద్యమానికి శ్రీకారం చుట్టారు. 1991లో ఫిన్లాండ్‌ విద్యార్థి లినస్‌ టోర్వాల్డ్స్‌ లినక్స్‌కు ప్రాణం పోశారు. 1998 నుంచి ‘ఓపెన్‌ సోర్స్‌’ అనే పేరు వ్యాపార వర్గాల్లో వ్యాపించింది. ఇది ఎక్కడో దూరపు వ్యవహారమని అనుకోనక్కర్లేదు. పొలం గట్టున రైతు చూసుకునే ఆండ్రాయిడ్‌ ఫోనుకు గుండెకాయ లినక్స్‌ కెర్నలే. తెలుగులో లేఖలు, లెక్కల పట్టికలు తయారుచేసుకునేందుకు ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్‌ కూడా ఈ కోవకే చెందుతుంది.

ప్రభుత్వ కార్యాలయాల్లోనూ దీని పాత్ర పెరిగింది. తన విభాగాల్లో ఓపెన్‌ సోర్స్‌ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం 2015లో విధానపత్రం ప్రకటించింది. వాడకం పెరిగిన కొద్దీ వాటిని నడిపేవారి బాధ్యత కూడా పెరుగుతుంది.

మేనేజర్‌కు చిక్కు ఎక్కడ?
కంపెనీలో మేనేజర్‌ చేతిలో జీతం, పదోన్నతి, సెలవు ఉంటాయి. ఆయన చెప్పిన పని కింది ఉద్యోగి చేయక తప్పదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ ప్రాజెక్టులో ఈ పగ్గాలేవీ ఉండవు. పనిచేసేవారు వేర్వేరు దేశాల వారు. కొందరు స్వచ్ఛందంగా వస్తారు, మరికొందరు పోటీ కంపెనీల జీతంపై వస్తారు. ఊరి జాతరకు ముందుండి నడిపే పెద్దమనిషి పరిస్థితి ఇలాగే ఉంటుంది. పందిరి వేసేవాడికి, వంట చేసేవాడికి ఆయన యజమాని కాడు. మాట మంచిదైతే ఊరంతా కదులుతుంది. పెత్తనం చేయబోతే మర్నాటికి పందిరి కింద ఒక్కరూ కనిపించరు.

1993లో మొదలైన డెబియన్‌ ప్రాజెక్టు ఈ సత్యాన్ని తన నియమావళిలోనే రాసుకుంది. ప్రాజెక్టు కోసం ఫలానా పని చేసి తీరాలన్న నిర్బంధం ఎవరిపైనా లేదని ఆ నియమావళి స్పష్టం చేస్తోంది. దాని నాయకుడిని సభ్యులు ఏటా ఓటు వేసి ఎన్నుకుంటారు. పదవీకాలం ఒక్క ఏడాదే. ఇలాంటి చోట ఆజ్ఞాపించడం అలవాటైన మేనేజర్‌ తన పాత విద్యను పక్కనపెట్టి కొత్తగా నేర్చుకోవాల్సి ఉంటుంది.

మాట వినకపోతే వేరుకుంపటి
నేర్చుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఓపెన్‌ ఆఫీస్‌ ఉదంతం చాలు. దీన్ని పోషిస్తున్న సన్‌ మైక్రోసిస్టమ్స్‌ను 2010 జనవరిలో ఒరాకిల్‌ కొనుగోలు చేసింది. ప్రాజెక్టు భవిష్యత్తుపై స్వచ్ఛంద కార్యకర్తల్లో దిగులు మొదలైంది. వారి సందేహాలు తీరలేదు. అదే ఏడాది సెప్టెంబరు 28న వారిలో ముఖ్యులు ‘డాక్యుమెంట్‌ ఫౌండేషన్‌’ను స్థాపించి, అదే సోర్స్‌కోడ్‌తో లిబ్రే ఆఫీస్‌ పేరిట వేరుకుంపటి పెట్టుకున్నారు. 2011లో ఒరాకిల్‌ ఓపెన్‌ ఆఫీస్‌ను అపాచీ ఫౌండేషన్‌కు అప్పగించి పక్కకు తప్పుకుంది. కోట్ల డాలర్లకు కంపెనీని కొనవచ్చు, పేరునూ కొనవచ్చు. పనిచేసేవారి మనసు మాత్రం ఆ ఒప్పందంలో రాదని ఈ ఉదంతం నిరూపించింది. సోర్స్‌కోడ్‌ అందరిదీ కావడంతో అసంతృప్తి చెందిన వారికి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ మేనేజర్‌ ప్రతి ఉదయం గుర్తుంచుకోవాల్సిన విషయమిది.

వ్యవస్థాపకుడే పక్కకు తప్పుకొన్న వేళ
ఇందుకు భిన్నమైన ఉదాహరణ పైథాన్‌. ఇంజినీరింగ్‌ విద్యార్థులకు సుపరిచితమైన ఈ ప్రోగ్రామింగ్‌ భాషను గైడో వాన్‌ రోసమ్‌ రూపొందించి 1991లో విడుదల చేశారు. దాదాపు మూడు దశాబ్దాలపాటు తుది నిర్ణయం ఆయనదే. 2018లో ఒక కొత్త సౌకర్యంపై తీవ్ర వాదోపవాదాలు జరిగాయి. ఆయన మాటే నెగ్గింది. అయితే ఆ పోరుతో విసిగిన ఆయన జులైలో బాధ్యతల నుంచి వైదొలగుతున్నట్లు ప్రకటించారు. వారసుడిని మాత్రం ప్రకటించలేదు. ఎలా నడుపుకోవాలో మీరే తేల్చుకోండని సహచరులకే వదిలేశారు.

సహచరులు తొందరపడలేదు. పాలనా పద్ధతులపై పలు ప్రతిపాదనలు రాసి, చర్చించి, 2018 డిసెంబరులో ఓటింగ్‌ నిర్వహించారు. అయిదుగురు సభ్యుల మండలి విధానం గెలిచింది. 2019 ఆరంభంలో తొలి మండలి ఎన్నికైంది. మండలిలో ఒకే సంస్థకు చెందిన ఉద్యోగులు ఇద్దరికి మించరాదని నిబంధన పెట్టుకున్నారు. మండలి గాడి తప్పితే అవిశ్వాస తీర్మానంతో దించే వీలూ కల్పించారు. తొలి మండలిలో గైడో కూడా ఒక సభ్యుడిగా కూర్చోవడం గమనార్హం. వ్యవస్థాపకుడు తప్పుకొన్నా పైథాన్‌ చీలిపోలేదు. వాడేవారి సంఖ్య తగ్గలేదు సరికదా, ఆ తర్వాతి కృత్రిమ మేధ వెల్లువలో ప్రధాన భాషగా నిలిచింది.

మాట కూడా నేర్చుకోవాల్సిందే
నాయకుడి నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. లినస్‌ టోర్వాల్డ్స్‌ సాంకేతిక ప్రతిభను శంకించిన వారు లేరు. కానీ పొరపాటు చేసిన సహచరులను ఆయన బహిరంగంగా కఠిన పదాలతో దూషించేవారన్న విమర్శ ఏళ్లపాటు వినిపించింది. 2018 సెప్టెంబరులో ఆయన స్వయంగా క్షమాపణ చెప్పారు. తన ప్రవర్తనను సరిదిద్దుకునేందుకు సాయం తీసుకుంటానని ప్రకటించి కొంతకాలం విరామం తీసుకున్నారు. అదే సమయంలో లినక్స్‌ కెర్నల్‌ ప్రాజెక్టు ప్రవర్తనా నియమావళిని అమల్లోకి తెచ్చింది. అక్టోబరులో ఆయన తిరిగి బాధ్యతలు చేపట్టారు. అప్పటికి 27 ఏళ్ల అనుభవం ఉన్న వ్యక్తే నేర్చుకోవడానికి సిద్ధపడినప్పుడు, కొత్తగా వచ్చే మేనేజర్‌ సిగ్గుపడాల్సిన పనిలేదు.

శిక్షణలో ఏముండాలి?
ఈ ఉదంతాలన్నింటినీ కలిపి చూస్తే శిక్షణలో నాలుగు అంశాలు తప్పనిసరని అర్థమవుతుంది.

మొదటిది, నిర్ణయాలు బహిరంగంగా ఉండాలి. ఫోనులో మాట్లాడుకున్నది, టీ కొట్టు దగ్గర అనుకున్నది నిర్ణయం కాదు. అందరికీ కనిపించేలా రాతలో పెట్టి, అభ్యంతరాలకు గడువిచ్చిన తర్వాతే అది నిర్ణయం అవుతుంది. అపాచీ ప్రాజెక్టులు ఏళ్లుగా అనుసరిస్తున్న పద్ధతి ఇది. అక్కడ కొత్త విడుదలకు కనీసం ముగ్గురు బాధ్యుల అనుకూల ఓట్లు కావాలి.

రెండోది, కాదని చెప్పడం. ఎవరో ఎక్కడి నుంచో రాత్రంతా కూర్చుని రాసి పంపిన మార్పు పనికిరాకపోవచ్చు. తిప్పి పంపేటప్పుడు కారణం చెప్పాలి, ఎలా సరిదిద్దుకోవాలో చూపాలి. మౌనంగా పక్కన పడేస్తే ఆ మనిషి మళ్లీ రాడు.

మూడోది, రెండో వరుసను తయారుచేయడం. ఒకరు మంచాన పడితే ఆగిపోయే ప్రాజెక్టు ఎప్పటికీ ప్రమాదంలో ఉన్నట్లే. కొత్తవారికి చిన్న పనులతో మొదలుపెట్టి, పరిశీలించి, అంచెలంచెలుగా అధికారం ఇవ్వాలి. కీలక అధికారం ఇచ్చే ముందు ఒకరికి ఇద్దరు చూడాలి.

నాలుగోది, నిధుల సమీకరణ. 2014 ఏప్రిల్‌లో ‘హార్ట్‌బ్లీడ్‌’ అనే లోపం బయటపడి ఇంటర్నెట్‌ను వణికించింది. ఓపెన్‌ ఎస్‌ఎస్‌ఎల్‌ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌లోని లోపమది. ప్రపంచంలోని పెద్ద పెద్ద వెబ్‌సైట్లకు కాపలా కాసే ఆ ప్రాజెక్టుకు అప్పటివరకు ఏడాదికి అందుతున్న విరాళాలు సుమారు 2,000 డాలర్లే. ఆ తర్వాతే పెద్ద కంపెనీలు కళ్లు తెరిచి లినక్స్‌ ఫౌండేషన్‌ ద్వారా నిధి ఏర్పాటు చేశాయి. ప్రమాదం జరగకముందే వాడుకునేవారి తలుపు తట్టి అడగడం నాయకుడి పనుల్లో ఒకటి.

నేర్పే చోట్లు
ఈ విద్యకు బడులు లేకపోలేదు. అపాచీ ఫౌండేషన్‌ 2002 నుంచి ‘ఇంక్యుబేటర్‌’ నడుపుతోంది. కొత్తగా చేరే ప్రాజెక్టుకు అనుభవజ్ఞులను మార్గదర్శకులుగా నియమిస్తుంది. బృందం నిర్ణీత వ్యవధుల్లో నివేదికలు ఇవ్వాలి. ఒకే కంపెనీ కనుసన్నల్లో నడవడం లేదని, కొత్తవారిని చేర్చుకోగలదని రుజువు చేసుకున్న తర్వాతే పూర్తిస్థాయి హోదా దక్కుతుంది. కార్ల్‌ ఫోగెల్‌ 2005లో వెలువరించిన గ్రంథం ఈ రంగంలోని వారికి ఇప్పటికీ దారిదీపమే. దాన్ని అందరూ ఉచితంగా చదువుకోవచ్చు.

గూగుల్‌ 2005లో ప్రారంభించిన ‘సమ్మర్‌ ఆఫ్‌ కోడ్‌’ మరో మెట్టు. ప్రాజెక్టుల్లోని సీనియర్లు కొత్తవారికి కొన్ని నెలలపాటు చేయి పట్టుకుని పని నేర్పుతారు. హైదరాబాద్‌ ట్రిపుల్‌ ఐటీతోపాటు తెలుగు రాష్ట్రాల కళాశాలల విద్యార్థులు కూడా దీనికి ఎంపికయ్యారు. ఇలా శిష్యుడిగా చేరిన వ్యక్తి మరుసటి ఏడాది గురువు స్థానంలో కూర్చున్న సందర్భాలూ ఉన్నాయి. హైదరాబాద్‌ కేంద్రంగా పనిచేస్తున్న ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ వ్యాప్తికి కృషి చేస్తోంది. మన విద్యార్థులు ప్రోగ్రాములు రాయడంలో ఎవరికీ తీసిపోరు. సమావేశం నడపడం, వివాదం తీర్చడం, నిర్ణయాన్ని రాతలో పెట్టడం కూడా వారి చదువులో భాగమైతే అలాంటి ప్రాజెక్టులకు సారథ్యం వహించే స్థాయికి చేరగలరు.

పెద్ద సంస్థలూ మారాయి
మేనేజర్ల ఆలోచన మారితే ఎంత మార్పు వస్తుందో మైక్రోసాఫ్ట్‌ చరిత్రే చెబుతుంది. 2001లో ఆ సంస్థ అధిపతి స్టీవ్‌ బామర్‌ లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చారు. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014లో పగ్గాలు చేపట్టాక వైఖరి మారింది. 2016లో ఆ సంస్థ లినక్స్‌ ఫౌండేషన్‌లో సభ్యత్వం తీసుకుంది. 2018లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ ప్రాజెక్టులకు కూడలిగా ఉన్న గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది.

ఎక్స్‌జెడ్‌లోని దొడ్డిదారిని పట్టుకున్నది ఆ సంస్థ ఉద్యోగే. పోస్ట్‌గ్రెస్‌ అనే స్వేచ్ఛా డేటాబేస్‌ అభివృద్ధిలోనూ ఆయన భాగస్వామి. ఆయన అప్రమత్తత వల్ల అప్పటికి గండం గడిచింది. అయితే ప్రతిసారీ ఒకరి అనుమానంపైనే ఆధారపడటం క్షేమం కాదు. ప్రపంచం మోపిన బరువును ఒంటరిగా మోస్తున్న నిర్వాహకులు ఇంకా ఎందరో ఉన్నారు. వారి పక్కన నిలబడటం తెలిసిన మేనేజర్లను తయారుచేసుకోవడమే శాశ్వత పరిష్కారం.