వైద్యశాలలు అమ్మెడు బీమా



మా తడ ఆంధ్రరాష్ట్రమునకు దక్షిణపు పొలిమేర. 2022 వఱకు నెల్లూరు జిల్లాలో నుండి, ఆ యేట తిరుపతి జిల్లాలో చేరినది. జబ్బు ముదిరిన మావారు రైలెక్కి చెన్నపట్టణమునకు పోవుట వాడుక. రెండేండ్ల క్రిందట మా యన్నగారిని నేనట్లే తీసికొనిపోతిని. ఆయన అచ్చటి యొక పెద్ద వైద్యశాలవారి కార్డు తీసికొని యేటేట సొమ్ము కట్టుచుండిరి. "కార్డుండగా భయమేల?" అనిరి. గుండెకు శస్త్రచికిత్స జరిగినది. బిల్లు చేతికి వచ్చిననాడు తెలిసినది, అది బీమా కాదని. గది యద్దెలోను పరీక్షలలోను పదవవంతు తగ్గించు కార్డు మాత్రమే! నాయనగారి నాటి యెకరము మాగాణి అమ్మి బిల్లు చెల్లించితిమి. అన్నగారు బ్రదికిరి. కాని ఆ మడిగట్టున నడచుట మానుకొనిరి. మఱియొకరి కిట్టి పాటు రాకుండుటకే నేడీ విషయము ముచ్చటించుచున్నాను.

బీమా యనగా నేమి? పదిమంది తలకొంత కూర్చి, వారిలో ఆపద వచ్చినవానిని ఆదుకొనుట. సాధారణముగా సొమ్ము కూర్చువారు ఒకరు, వైద్యము చేయువారు వేఱొకరు. చికిత్స పెరిగినకొలది వైద్యశాలకు రాబడి పెరుగును. బీమా కంపెనీ ఆ ఖర్చు చెల్లించి, మఱుసటియేట ప్రీమియము పెంచును. తుదకు ఆ భారము మనపైననే పడును.

వైద్యశాలయే బీమా నడపినచో ఈ లెక్క తలక్రిందగును. మన పల్లెలలో పూర్వముండిన మేర పద్ధతిని తలచుకొనుడు. కమ్మరికి పంటనాడు కళ్ళమున ధాన్యము కొలిచెడివారు. కఱ్ఱు ఒకసారి చెడినను పదిసార్లు చెడినను మేర యొక్కటే. కావున గట్టిపని చేయుట కమ్మరికే లాభము. అట్లే ముందుగా సొమ్ము పుచ్చుకొన్న వైద్యశాలకు రోగి త్వరగా కోలుకొనుటయే లాభము; అక్కఱలేని పరీక్ష తనకే నష్టము.

ఇది క్రొత్త యూహ కాదు. అమెరికాలో డాలసు నగరపు బేలరు వైద్యశాల 1929లో ఉపాధ్యాయులయొద్ద నెలకు అర డాలరు పుచ్చుకొని, 21 దినముల ఆసుపత్రి వాసమునకు ఒప్పుకొన్నది. మన పొరుగున కర్ణాటకలో 2003లో వైద్యులు దేవీశెట్టిగారి ప్రోద్బలమున యశస్విని పథకము వెలసినది. సహకార సంఘముల రైతులు నెలకు 5 రూపాయల చొప్పున కట్టి, ప్రభుత్వ సాయముతో శస్త్రచికిత్సలు పొందిరి. చిత్తూరు జిల్లా అరగొండలో జన్మించిన ప్రతాప్ సి. రెడ్డిగారు 1983లో చెన్నపట్టణమున అపోలో వైద్యశాలను తెఱచిరి. అపోలోవారు 2007లో విదేశీయులతో కూడి బీమా కంపెనీ నడపిరి. 2020 నాటికి తమ వాటాలమ్మి తప్పుకొనిరి. దేవీశెట్టిగారి నారాయణ హెల్త్ సంస్థ 2024లో స్వంత బీమా కంపెనీని ప్రారంభించినది.

కాని మేర ముందే ముట్టిన కమ్మరి "రేపు రమ్ము" అనవచ్చును గదా! చికిత్స తగ్గినకొలది మిగులు పెరుగుచోట, కావలసిన చికిత్సయు వాయిదా పడవచ్చును. కంచెయే చేను మేయకుండ కావలి యుండవలెను. ఆ కావలి చట్టము. వైద్యశాల తానై బీమా అమ్మరాదు. ప్రత్యేక కంపెనీ పెట్టి, 1938 నాటి బీమా చట్టము ననుసరించి, హైదరాబాదులోని బీమా నియంత్రణ సంస్థయొద్ద నమోదు కావలెను.

కావున సొమ్ము కట్టుటకు ముందు ఈ ప్రశ్నలడుగుడు. ఇది బీమా పాలసీయా, తగ్గింపు కార్డా? పాలసీయైనచో కంపెనీ నమోదు సంఖ్య యేది? వేఱు వైద్యశాలలలో చెల్లునా? ఇదివఱకే యున్న జబ్బులకు ఎన్నాళ్ళు ఆగవలెను? 2024 నిబంధనల ప్రకారము ఆ గడువు మూడేండ్లకు మించరాదు. పాలసీ చేతికందిన పిమ్మట నచ్చనిచో 30 దినములలో త్రిప్పి పంపవచ్చును. తగవు వచ్చినచో మొదట కంపెనీకి వ్రాయుడు. న్యాయము జరుగనిచో బీమా అంబుడ్స్‌మన్‌కు ఉచితముగా ఫిర్యాదు చేసికొనవచ్చును.

కడపట నొకమాట. 2007లో ఆరోగ్యశ్రీ పేర మొదలైన సర్కారు పథకము నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవగా నున్నది. మా యింట బియ్యపు కార్డుండెను. ఆ పథకము క్రింద చికిత్స చేయు వైద్యశాల యేదియని 104 నంబరునకు ఫోను చేసి అడిగియుండిన, తిరుపతియో నెల్లూరో పోయియుందుము. మేమడుగలేదు. మీరడుగుడు. పెట్టెలోని ఆ వైద్యశాల కార్డును నేడే తీసి, చదువుకొన్న మనుమనిచేత ప్రతి యక్షరము చదివించుకొనుడు.