గొంతుకు వయసొస్తే...

దసరా పేరంటాలంటే మా వీధిలో పిన్నిగారి పాట ఉండి తీరాల్సిందే. బొమ్మల కొలువు ఎవరింట్లో పెట్టినా చివర్లో మంగళహారతి ఆవిడే అందుకోవాలి, మేమంతా వెనక పలకాలి. ముప్పై ఏళ్లుగా అదే ఆనవాయితీ. మొన్నటి దసరాకి కూడా ఎప్పటిలాగే ఎత్తుకున్నారు. చరణంలో పైకి వెళ్లాల్సిన చోట గొంతు జీరపోయి ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించారు, మళ్లీ అక్కడే ఆగింది. "ఇహ నా పని అయిపోయిందర్రా, మీరు కానివ్వండి" అంటూ నవ్వేసి హారతి పళ్లెం కోడలి చేతిలో పెట్టేశారు. నవ్వారన్న మాటే గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తర్వాత కార్తీకమాసం భజనకి పిలిస్తే మోకాళ్ల నొప్పులని చెప్పి రాలేదు.

ఆవిడకి యాభై ఎనిమిదేళ్లు. తల నెరిస్తే రంగు వేసుకుంటాం, చత్వారం వస్తే కళ్లజోడు పెట్టుకుంటాం. గొంతుకు వయసొస్తే ఏం చేస్తాం? మనకంటే పాట సరదా. గొంతు మీదే బతికే సినిమా గాయనులు, డబ్బింగ్ చెప్పే అమ్మాయిలు, రేడియో నాటకాలు వేసేవాళ్లు ఏం చేస్తారు? ఆ సంగతి తెలుసుకుంటే మనకూ పనికొచ్చే విషయాలు చాలానే ఉన్నాయి.

నలభైలో పదహారు!

'పదహారేళ్ళ వయసు' సినిమా 1978లో వచ్చింది. తెరమీద శ్రీదేవి పరికిణీ వేసుకుని గెంతుతూ పాడిన పాట గుర్తుంది కదూ! ఆ పాటకి గొంతునిచ్చిన ఎస్.జానకి గారి వయసు అప్పటికి 40. మరో మూడేళ్లకి, 1981లో వచ్చిన 'సప్తపది'లో చిన్నపిల్లాడి గొంతుతో పాడిందీ ఆవిడే. తెలియనివాళ్లకి చెబితే నమ్మరు.

లతా మంగేష్కర్ గారు 1955లో 'సంతానం' సినిమాకి తెలుగులో జోలపాట పాడేనాటికి ఆవిడకి పాతికేళ్లు. మళ్లీ 1988లో 'ఆఖరి పోరాటం'లో పాడినప్పుడు 58. ఆవిడ చెల్లెలు ఆశా భోంస్లే అరవై దాటాక, 1995లో వచ్చిన మన రామ్‌గోపాల్ వర్మ 'రంగీలా'కి పాడారు. తెరమీద ఆ పాటకి గంతులేసిన ఊర్మిళకి అప్పుడు ఇరవై రెండేళ్లయినా లేవు.

అంతెందుకు, పొద్దున్నే మన ఇళ్లలో వినిపించే ఎం.ఎస్.సుబ్బులక్ష్మి గారి వేంకటేశ్వర సుప్రభాతం రికార్డు 1963లో వచ్చింది. అప్పటికి ఆవిడ వయసు నలభై ఆరో, నలభై ఏడో. తిరుమల తిరుపతి దేవస్థానం కోసం 'బాలాజీ పంచరత్నమాల' పాడేనాటికి అరవై దాటింది. వీలు చూసుకుని ఆ రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినండి. రెండోదాంట్లో గొంతు కాస్త బరువెక్కి వినిపిస్తుంది. కానీ భక్తి తగ్గిందనిగానీ, అందం తగ్గిందనిగానీ ఎవరైనా అనగలరా?

అంటే గొంతు మారుతుంది. పోవడం వేరు, మారడం వేరు. ముందు మనం తెలుసుకోవాల్సింది అదే.

లోపల ఏం జరుగుతుంది?

మన గొంతులో స్వరపేటిక ఉంటుంది. అందులో రెండు మెత్తని మడతలుంటాయి. వాటినే స్వరతంత్రులు అంటారు. ఆడవాళ్లలో వాటి పొడవు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలికి ఆ రెండూ కలుస్తూ విడిపోతూ ఉంటాయి. మామూలుగా మాట్లాడేటప్పుడు ఆడవాళ్లలో సెకనుకి సుమారు 200 సార్లు, మగవాళ్లలో 100 నుంచి 120 సార్లు. పై స్థాయిలో పాడితే ఇంకా ఎక్కువ. పొద్దుట లేచింది మొదలు "పాలు పొంగుతున్నాయే!" అని కేక పెట్టేదాకా ఎన్ని వేల సార్లు కొట్టుకుని ఉంటాయో ఊహించండి.

వయసు మీదపడేకొద్దీ ఈ తంత్రుల్లోని కండ పలచబడుతుంది. మధ్యలో సన్నని సందు మిగిలిపోయి గాలి జారిపోతుంది. అందుకే కొందరు పెద్దవాళ్ల మాటలో సగం గాలే వినిపిస్తుంది. గొంతును తడిగా ఉంచే చిన్న చిన్న గ్రంథులు తగ్గుతాయి, జీర మొదలవుతుంది. స్వరపేటికలోని మృదులాస్థి గట్టిపడుతుంది. ఊపిరి నిలిపే శక్తి తగ్గుతుంది కాబట్టి ఒక్క ఊపిరిలో పాడే చరణానికి రెండుసార్లు ఆగాల్సి వస్తుంది. పట్టి నిలిపిన స్వరం వణుకుతుంది.

ఇంకో విచిత్రం చూడండి. వయసొచ్చాక మగవాళ్ల గొంతు సన్నబడుతుంది, ఆడవాళ్ల గొంతు బరువెక్కుతుంది. ముట్లుడిగే వయసులో ఈస్ట్రోజన్ హార్మోను తగ్గిపోవడంతో ఆడవాళ్ల స్వరతంత్రులు కాస్త ఉబ్బి మందమవుతాయి. లావు తీగ మోగితే శబ్దం కిందికి వస్తుంది, వీణలో చూడ్డం లేదూ! అందుకే ఫోనెత్తి హలో అంటే "అయ్యగారేనా అండీ?" అని అడుగుతారు అవతలివాళ్లు. ఆ మాటకి చిన్నబుచ్చుకోకండి. అది జబ్బు కాదు. నడివయసు దాటిన ఆడవాళ్లలో చాలామందికి ఎంతో కొంత వచ్చే మార్పే.

డబ్బింగ్ గదిలో...

పాడేవాళ్లకి పేరుంటుంది. డబ్బింగ్ చెప్పేవాళ్ల ముఖమే ఎవరికీ తెలీదు. హీరోయిన్ నవ్వితే నవ్వాలి, ఏడిస్తే ఏడవాలి, అరిస్తే అరవాలి. 1967 నాటి 'భక్త ప్రహ్లాద'లో ప్రహ్లాదుడిగా మనందరి మనసూ దోచుకున్న రోజారమణి పెద్దయ్యాక ఎందరో హీరోయిన్లకు గొంతునిచ్చారు. కథానాయికగా నటించిన సరిత కూడా అంతే. కష్టం ఎక్కడుందంటే, తెరమీద హీరోయిన్ ఎప్పుడూ ఇరవైల్లోనే ఉంటుంది. ఒకరు వెళితే ఇంకొకరు వస్తారు. గొంతు ఇచ్చే మనిషికి మాత్రం ఏడాదికో ఏడు మీదపడుతుంది. ఒకనాడు "గొంతు ముదిరిందమ్మా" అన్న మాట వినాల్సి వస్తుంది. హీరోయిన్ వేషం పోయి అమ్మ వేషం వచ్చినట్టే, గొంతుకూ అక్క, వదిన, అమ్మ పాత్రలు మొదలవుతాయి. అలా మారగలిగినవాళ్లకి పని దొరుకుతుంది. ఇరవయ్యేళ్ల గొంతునే పట్టుకుని వేలాడితే తంత్రులు దెబ్బతింటాయి.

పిల్లల గొంతుల కథ దీనికి పూర్తిగా తిరకాసు. కార్టూన్లలో మగపిల్లల గొంతు చాలావరకు ఆడవాళ్లే చెబుతారు. మగపిల్లాడి గొంతు పన్నెండు, పదమూడేళ్లకి విరిగిపోతుంది. ఆడవాళ్ల స్వరపేటిక చిన్నది కాబట్టి ఏళ్ల తరబడి అదే పిల్లాడిగా మాట్లాడగలరు. మన పిల్లలు టీవీకి అతుక్కుపోయి చూసే డోరేమాన్‌కి జపాన్‌లో నోబుయో ఒయామా అనే ఆవిడ 1979 నుంచి 2005 దాకా, అంటే ఇరవయ్యారేళ్లు గొంతునిచ్చారు. డెబ్భై దాటాక, తోటి కళాకారులతో పాటు కొత్తవాళ్లకి దారిచ్చి తప్పుకున్నారు. 'డ్రాగన్ బాల్'లో గోకుకి 1986 నుంచి గొంతునిస్తున్న మసాకో నొజావా గారైతే 2024లో వచ్చిన కొత్త సిరీస్‌లోనూ చెప్పారు. అప్పటికి ఆవిడ 88కి దగ్గర పడ్డారు! ఒకరు తప్పుకున్నారు, ఒకరు సాగుతున్నారు. గొంతుకి ఇన్నేళ్లు అని గీత గీసి చెప్పలేం.

వాళ్లు పాటించే కిటుకులు

పెద్ద కిటుకు ఒక్కటే: శ్రుతి దించుకోవడం. మన కర్ణాటక సంగీతంలో ఉన్న గొప్ప వెసులుబాటు ఇది. షడ్జం ఎక్కడ పెట్టుకోవాలో పాడే మనిషి ఇష్టం. వయసులో అయిదు, అయిదున్నర శ్రుతికి పాడిన గాయని తర్వాత నాలుగున్నరకో నాలుగుకో దిగుతుంది. రాగం మారదు, కీర్తన మారదు. సినిమా పాటకి ఆ వీలు తక్కువ. రికార్డయిన పాట జనం చెవుల్లో అదే శ్రుతిలో నాటుకుపోయి ఉంటుంది. అయినా పాత పాటలు కచేరీల్లో పాడేటప్పుడు పెద్ద గాయకులు నిరభ్యంతరంగా శ్రుతి దించుకుంటారు. అందులో చిన్నతనమేమీ లేదు.

రెండోది, రోజూ సాధన. వాడే గొంతు వాడని గొంతు కన్నా ఎక్కువకాలం నిలుస్తుంది. కానీ మోతాదు ఉండాలి. మూడోది, మైకుని నమ్ముకోవడం. గట్టిగా పాడక్కర్లేదు, దగ్గరగా పాడితే చాలు. నాలుగోది, పని సర్దుకోవడం. డబ్బింగ్ చెప్పేవాళ్లలో తెలివైనవాళ్లు అరుపులు, ఏడుపులు ఉన్న సీన్లు చివర్లో పెట్టుకుంటారు. ముందే అరిచేస్తే మిగతా మాటలకి గొంతుండదు మరి.

ఎప్పుడు చాలించాలి?

ఇది అందరికన్నా కష్టమైన ప్రశ్న. జానకి గారు 2016లో, 78 ఏళ్ల వయసులో, ఒక మలయాళ సినిమాకి జోలపాట పాడి, ఇక సినిమా పాటలకు సెలవని తమంతట తామే ప్రకటించారు. 2017 అక్టోబరులో మైసూరులో కచేరీ చేసి వేదికకూ వీడ్కోలు చెప్పారు. సుబ్బులక్ష్మి గారు 81వ ఏట, 1997లో భర్త సదాశివం గారు పోయాక సభల్లో పాడటం మానేశారు. పి.సుశీల గారు ఎనభయ్యో ఏట, 2016లో, 17,695 పాటలకు గాను గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కారు.

చూశారా! వీళ్లలో ఎవర్నీ ఒక్క అపస్వరం ఆపలేదు. ఆపినవాళ్లు తమకి తోచినప్పుడు ఆపారు. మనమేమో ఒక పేరంటంలో ఒక చరణం అందకపోతే జీవితకాలం నోరు కట్టేసుకుంటాం.

మన గొంతు కోసం

* నీళ్లు తరచుగా తాగండి. తాగిన నీళ్లు నేరుగా స్వరతంత్రుల మీద పడవు, అవి అన్నవాహికలోకి పోతాయి. ఒంట్లో నీరు సరిపడా ఉంటేనే తంత్రులకి తడి అందుతుంది. అందుకే పాడే ముందు ఒక గ్లాసు కాదు, రోజంతా కొంచెం కొంచెంగా తాగాలి. ఆవిరి పడితే ఆ తడి నేరుగా తగులుతుంది.

* ఊరికే గొంతు సవరించుకోకండి. ప్రతిసారీ రెండు తంత్రులూ బలంగా కొట్టుకుంటాయి. ఒక గుక్క నీళ్లు మింగండి, చాలు.

* గొంతు పోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటాం. చాలామందికి అది ఇంకా శ్రమే. మాట్లాడకుండా ఉండటమే మేలు.

* గ్లాసులో సగం నీళ్లు పోసి, స్ట్రా ముంచి, "ఊ..." అంటూ బుడగలు వచ్చేలా రెండు మూడు నిమిషాలు ఊదండి. గొంతుకి శిక్షణ ఇచ్చే నిపుణులు పెద్ద పెద్ద గాయకుల చేత చేయించే కసరత్తు ఇదే. మనవలు కూడా పోటీకి వస్తారు!

* రాత్రి పొద్దుపోయి భోంచేసి వెంటనే పడుకోకండి. కడుపులోని ఆమ్లం పైకి తన్నితే పొద్దున్నే గొంతు బొంగురుపోతుంది.

* మిరియాల పాలు, పటికబెల్లం వాడుకుంటే గొంతుకి హాయిగా ఉంటుంది. అతిమధురం మాత్రం రక్తపోటు ఉన్నవాళ్లు వాడకండి, అది బీపీని పెంచుతుంది.

* వంటింట్లోంచి వీధి గుమ్మం దాకా కేకలేసే అలవాటు మానండి. నాలుగడుగులు వేసి చెప్పండి.

* ముఖ్యంగా ఒక్కమాట. జలుబూ దగ్గూ లేకుండా గొంతు బొంగురు మూడు వారాలు దాటితే "వయసు కదా" అని ఊరుకోకండి. మింగడం కష్టమైనా, మెడలో గడ్డ తగిలినా, ఆయాసం ఉన్నా అన్నాళ్లు కూడా ఆగొద్దు. థైరాయిడ్ తగ్గినా గొంతు ఇలాగే మారుతుంది. తంత్రుల మీద బొడిపెలు రావచ్చు, ఒక్కోసారి కాన్సరూ కావచ్చు. ఇ.ఎన్.టి. డాక్టరు సన్నని గొట్టంతో లోపల చూసి తేల్చేస్తారు. ముందే తెలిస్తే వైద్యం తేలిక.

మళ్లీ పిన్నిగారు...

ఈ సంగతులన్నీ పోగుచేసుకుని ఒకరోజు పిన్నిగారింటికి వెళ్లాను. ముందు డాక్టరుకి చూపించాం. "జబ్బేమీ లేదమ్మా, వయసుతో వచ్చిన మార్పు" అన్నారాయన. ఇంటికొచ్చాక శ్రుతిపెట్టె తీసి దుమ్ము దులిపాం. ఇన్నేళ్లూ అయిదు దగ్గరే ఉండిపోయిన దాన్ని నాలుగుకి దించాను. ఆవిడ ముందు ఒప్పుకోలేదు. "మగగొంతులా ఉంటుందే" అన్నారు. "ఇక్కడ మనిద్దరమే కదా" అన్నాను. మెల్లిగా ఎత్తుకున్నారు. పైకి వెళ్లాల్సిన చోట ఇద్దరం ఊపిరి బిగపట్టాం. అందింది! కొంచెం బరువుగా, కొంచెం వణుకుతూ, అయినా చక్కగా అందింది.

సంక్రాంతికి గొబ్బిళ్ల దగ్గర ఆవిడే మొదలుపెట్టారు. వెనక పలకాల్సిన మాకే కాసేపు ఆ శ్రుతి అలవాటు కాలేదు. తర్వాత అదే బాగుందనిపించింది. నలభై దాటిన మా అందరి గొంతులకీ హాయిగా సరిపోయింది మరి!

మీ ఇంట్లో కూడా పాట మానేసిన అమ్మో, అత్తగారో, పెద్దమ్మో ఉండే ఉంటారు. ఒకసారి వెళ్లి అడగండి. పాడనని అంటే, కాస్త శ్రుతి దించి చూడమనండి.