కాంట్రా మళ్లీ మొదలెట్టారా? బొటనవేలు భద్రం!

తొంభైలలో బడికి వెళ్లినవారికి ఈ దృశ్యం వేరే చెప్పక్కర్లేదు. వేసవి మధ్యాహ్నం, టీవీ ముందు చాప. టీవీకి తగిలించిన సమురాయ్ లేదా మీడియా గేమ్ డబ్బా. పట్టకపోతే నోటితో ఊది మళ్లీ దూర్చే క్యాసెట్టు. మారియో తర్వాత పిల్లలు ఎక్కువగా ఎగబడింది కాంట్రా మీదే. జపాన్ సంస్థ కొనామి దీన్ని 1987లో ఆర్కేడ్ యంత్రాలకు తయారుచేసి, మరుసటి ఏడాది ఇంటి టీవీలకు తెచ్చింది. ఒక్క తూటా తగిలినా లైఫ్ పోయే ఆట. జలపాతం స్టేజీలో జోడీ వెనకబడితే తెర పైకి జరిగిపోయి అతను చచ్చిపోయేవాడు. ఆ తర్వాత అసలు యుద్ధం చాప మీద జరిగేది.

ఆ పిల్లలకు ఇప్పుడు నలభై. కాంట్రా కూడా మళ్లీ దొరుకుతోంది. కొన్ని పాత భాగాలను కలిపి కొనామి 2019లో కొత్త కన్సోళ్లకు విడుదల చేసింది. ఫోన్లలో ఆడే రూపాలూ వచ్చాయి. రాత్రి భోజనాలయ్యాక, ఇంట్లో అందరూ పడుకున్నాక, మంచం మీద వెల్లకిలా పడుకుని ‘ఒక్క స్టేజీ’ అనుకుంటూ మొదలుపెడతారు. ఆట అదే. కానీ తెర, బటన్లు, కూర్చునే తీరు అన్నీ మారిపోయాయి. ఆడే పరికరం మారితే ఒంట్లో భారం పడే చోటు కూడా మారుతుంది.

ఇది వైద్యులు ఎప్పుడో గమనించిన సంగతే. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 1990లో ఒక చిన్న లేఖ వచ్చింది. 35 ఏళ్ల మహిళ ఒకరు కొడుకు నింటెండో గేమ్‌ను ఏకబిగిన అయిదు గంటలు ఆడి, బొటనవేలి నొప్పితో వైద్యుడి దగ్గరకు వెళ్లారు. ఆయన దానికి ‘నింటెండినైటిస్’ అని పేరు పెట్టారు. పదిహేడేళ్ల తర్వాత, 2007లో, అదే పత్రికలో మరో లేఖ. ఈసారి బాధితుడు 29 ఏళ్ల యువ వైద్యుడు. పరికరం నింటెండో వారిదే, కానీ చేతిని గాల్లో ఊపుతూ ఆడే ‘వీ’. గంటల తరబడి టెన్నిస్ ఆడి నిద్రపోయి, లేచేసరికి కుడి భుజం పట్టేసింది. ఒకరికి వేలు, ఇంకొకరికి భుజం. తెర మీద ఏం జరిగిందన్నది శరీరానికి అక్కర్లేదు. చేయి ఏం చేసిందన్నదే దాని లెక్క.

అద్దం మీద తూటాలు

పాత రిమోట్‌లో బటన్ నొక్కితే కాస్త లోపలికి దిగేది. నొక్కామన్న సంగతి వేలికి తెలిసేది. ఫోన్ తెరకు ఆ కదలిక లేదు. అందుకే తెలియకుండానే గట్టిగా నొక్కుతాం. బటన్ అంచు తగలదు కాబట్టి వేలు జారుతుంది, మళ్లీ వెతుక్కుంటుంది. పైగా అవే చేతులు ఫోన్‌ను పట్టుకుని మోయాలి. కాంట్రాలో మామూలు తుపాకీకి ఒక్కో తూటాకు ఒక్కో నొక్కు. అరగంటలో ఎన్ని నొక్కులో మీరే ఊహించుకోండి.

బొటనవేలిని కదిపే రెండు టెండన్లు మణికట్టు పక్కన ఇరుకైన తొడుగులోంచి వెళతాయి. ఒరిపిడి ఎక్కువైతే ఆ తొడుగు మందమై, టెండన్లు సాఫీగా జారవు. దీన్ని డీక్వెర్వెయిన్స్ అంటారు. బొటనవేలిని పిడికిలి లోపల ముడిచి, మణికట్టును చిటికెన వేలి వైపు మెల్లగా వంచి చూడండి. బొటనవేలి వైపు చురుక్కుమని నొప్పి పుడితే అనుమానించాలి. బట్టలు పిండేటప్పుడు, మూత తిప్పేటప్పుడు, పసిబిడ్డను ఎత్తుకునేటప్పుడు బాధ ఎక్కువవుతుంది. మొదటి మందు విశ్రాంతే. బామ్ రాసి గట్టిగా నలిపితే హాయిగా ఉంటుందేమో గానీ, లోపలి ఒరిపిడి తగ్గదు. రెండు వారాలైనా తగ్గకపోతే ఎముకల వైద్యుణ్ని కలవండి. బొటనవేలిని కదలకుండా ఉంచే పట్టీతో చాలామందికి నెమ్మదిస్తుంది. మధుమేహం ఉంటే ఇలాంటి చేతి సమస్యలు వచ్చే అవకాశం ఎక్కువ. ఆ సంగతి ముందే చెప్పాలి. ఎందుకంటే అవసరమైతే ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కొన్ని రోజులు చక్కెర పెరగొచ్చు.

మెడ సంగతీ ఉంది. తల బరువు సుమారు 5 కిలోలు. దాన్ని ఫోన్ కోసం 60 డిగ్రీలు ముందుకు వంచితే మెడ మీద దాదాపు 27 కిలోల భారం పడుతుందని అమెరికా వెన్నెముక సర్జన్ ఒకరు 2014లో కంప్యూటర్ నమూనాతో లెక్కగట్టారు. అంకె అటూ ఇటూ అయినా, పొద్దున్న మెడ పట్టేసినవారికి ఆ లెక్క అబద్ధమనిపించదు.

చత్వారం, చిన్న తెర

అప్పట్లో వైరు ఎంత పొడవుంటే అంత దూరంలో టీవీ. ఇప్పుడు తెర కళ్లకు అడుగు దూరంలో ఉంటోంది. నలభై దాటాక దగ్గరి వస్తువుల మీద చూపు నిలిపే శక్తి తగ్గుతుంది. అదే చత్వారం. గోరంత సైనికుణ్ని, ఆవగింజంత తూటాను ఆ కళ్లతో వెంటాడితే తలనొప్పి రాక ఏం చేస్తుంది! పైగా ఆట ఉత్కంఠలో రెప్ప వేయడం తగ్గుతుంది, కళ్లు పొడిబారతాయి. ‘గేమ్ ఆడితే తల పోటెత్తుతోంది’ అనేవారు ముందు చేయించుకోవాల్సింది కళ్ల పరీక్ష.

తలకు తగిలించుకునే వీఆర్ పెట్టెలో ఆడితే ఇంకో తంటా. 2005 నాటి రెసిడెంట్ ఈవిల్ 4 గేమ్ 2021లో అలాంటి హెడ్‌సెట్‌కూ వచ్చింది. కళ్లు ‘పరుగెడుతున్నాం’ అంటాయి, లోపలి చెవి ‘కూర్చునే ఉన్నాం’ అంటుంది. ఘాట్ రోడ్డు బస్సులో లాగే వికారం. అలా అనిపించగానే తీసేయాలి. ఓర్చుకుని ఆడితే అలవాటవుతుందనుకోవద్దు.

ఇవన్నీ చెప్పి ఆడొద్దనడం లేదు. ఫోన్‌ను పక్కన పెట్టి, బటన్లున్న కంట్రోలర్ కొని టీవీకి కలుపుకోండి. తెర దూరం జరుగుతుంది, మెడ నిటారుగా ఉంటుంది, చేతులు ఒడిలో ఉంటాయి. అసలు లాభం వేరే ఉంది. ఫోన్‌లో ఒంటరిగా ఆడేదాన్ని టీవీలో ఇద్దరు ఆడొచ్చు. మీ అమ్మాయినో అబ్బాయినో రెండో ఆటగాడిగా కూర్చోబెట్టండి. మూడు లైఫులు అయిపోతే మొదటికి రావడం అప్పట్లో మనకు శిక్షలా ఉండేది గానీ, నిజానికి అదే ఆటను ఆపించేది. ఇప్పుడు ఎక్కడికక్కడ సేవ్ చేసుకునే వీలుంది కాబట్టి ఆగే చోటే ఉండదు. ఆ సేవ్ జోలికి పోకుండా, పాత పద్ధతిలోనే ఆడండి. అరగంట దాటితే లేచి మంచినీళ్లు తాగండి, కిటికీలోంచి దూరంగా చూడండి. పడుకునే గంట ముందు మాత్రం వద్దు.

ముప్పై లైఫుల కిటుకు పిల్లలకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.