కొలిమికి కరగని కెంపు, మంటలో పుట్టింది
- జాతి రాయి అని కొనేవారు రసీదు అడగాలి

కీ ఇచ్చే పాత చేతి గడియారాలపై '17 జ్యుయల్స్' అని ఉండటం చాలామంది చూసే ఉంటారు. ఆ జ్యుయల్స్ కెంపులే. అయితే గనిలో దొరికినవి కావు, మంటలో కరిగించి గడ్డకట్టించినవి. ఇటువంటి రాళ్ళనే జాతి కెంపులని చెప్పి ఉంగరాలలో పొదిగి అమ్మడం కద్దు. కనుక కొనేవారు ఈ సంగతి తెలుసుకోవడం అవసరం.

కెంపు, నీలం రెండూ కురువింద జాతి రాళ్ళు. ఖమ్మం ప్రాంతంలో కురువిందం దొరుకుతుంది కూడా. అందులో ఉన్నది అల్యూమినియం, ఆక్సిజన్. మన వంట గిన్నెల లోహమే! దానికి చిటికెడు క్రోమియం తోడైతే ఎర్రని కెంపు అవుతుంది.

ఇనుము 1,538 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగుతుంది. కెంపు కరగడానికి సుమారు 2,050 డిగ్రీలు కావాలి. కమ్మరి కొలిమి దానిని ఏమీ చేయలేదు. అంత వేడికి తట్టుకొనే మూస దొరకడమూ కష్టమే. ఈ చిక్కును ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు అగస్ట్ వెర్నోయ్ విప్పి, 1902లో తన పద్ధతిని ప్రకటించారు.

ఆయన అసలు మూసనే తీసివేశారు. మెత్తని పొడిని జల్లెడ పట్టినట్లు పైనుంచి కొద్దికొద్దిగా రాలుస్తారు. ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసి మండే మంటలోగుండా పడుతూ పొడి కరిగి, కింద నిలిపిన కడ్డీ కొసకు చేరుతుంది. కడ్డీని నెమ్మదిగా దించుతుంటే అడుగు భాగం గడ్డకడుతుంది, పైపొర మాత్రం కరిగే ఉంటుంది. గడ్డకట్టిన భాగమే కరిగినదానికి మూస అన్నమాట. ప్రతి కొత్త పొరా కింది పొర అమరికనే అనుసరిస్తుంది. అందువలన రాయి అంతా ఒకే స్ఫటికమవుతుంది. కొన్ని గంటల పని! లోపలి బిగువు వలన అది నిలువునా రెండుగా చీలుతుంది. ఆ చెక్కలనే సానపెడతారు.

గాజు రాయి సంగతి వేరు. ఆకురాయితో రుద్దితే దానిపై గీత పడుతుంది. మంట కెంపుపై పడదు. గట్టితనంలోను, బరువులోను అది జాతి కెంపుకు తీసిపోదు. కాబట్టి 'గీత పడలేదు, జాతిదే' అన్న మాట నమ్మరాదు. భూతద్దంతో చూస్తే మంట కెంపులో గ్రామఫోను రికార్డుపై వలె వంపు చారలు, గాలి బుడగలు కనిపించవచ్చు. భూమిలో పెరిగిన రాయిలో చారలు తిన్నగా ఉంటాయి. ఖచ్చితంగా తేల్చవలసింది మాత్రం రత్న పరీక్షా కేంద్రాలే.

ఈ మోసం కొత్తది కాదు. 1880 దశకంలోనే యూరప్‌లో 'జెనీవా కెంపులు' జాతి రాళ్ళుగా చెలామణి అయ్యాయి.

మంట కెంపు పనికిరానిది కాదు. గడియారంలో ఏళ్ళ తరబడి అరగకుండా పనిచేస్తుంది. ధరలో మాత్రం జాతి కెంపుకూ దానికీ హస్తిమశకాంతరం. పెళ్ళికని పంట సొమ్ము పెట్టి కొనేవారు రసీదుపై 'సహజం' లేక 'కృత్రిమం' అని రాయించుకోవాలి. రాయడానికి వర్తకుడు వెనుకాడితే ఆ అంగడి మెట్లు దిగడమే మేలు.