ఊపిరి బలమును కొలిచిన యంత్రము

ఊపిరితిత్తులు తమంతట తాము గాలిని పీల్చుకొనజాలవు. ఉదరవితానము క్రిందికి దిగుటవలనను, ప్రక్కటెముకలనంటియున్న కండరములు ఛాతిని పైకెత్తి విశాలము గావించుటవలనను లోపలి పీడనము తగ్గగా వెలుపలి గాలి లోనికి చొరబడుచున్నది. కొలిమితిత్తి ఎంత పెద్దదైనను, దానిని ఆడించు చేయి బలహీనమైనచో నిప్పు రాజుకొనదు. కావున శ్వాసను పరీక్షింపగోరువాడు గాలి పరిమాణమును, కండరముల బలమును రెంటిని కొలువవలెను. ఈ రెండు కొలతలును ఒకే వైద్యుని చేతిలో పెరిగినవే. అందొకటి లోకప్రసిద్ధి నందెను, రెండవది శతాబ్దమునకు పైగా మఱుగున పడియుండెను.

ఆ వైద్యుడు 1811లో ఇంగ్లండునందలి న్యూకాజిల్ చేరువ రైటను గ్రామమున జన్మించిన జాన్ హచిన్సన్. ఆయన స్పైరోమీటరు నీటితొట్టిలో బోర్లించిన కొలతపాత్ర. కప్పీలమీదుగా వ్రేలాడు బరువులు దానిని తులతూచినట్లు నిలుపుచుండెడివి. నిండుగ గాలి పీల్చి గొట్టములోనికి ఊదినచో ఆ పాత్ర పైకి లేచి, విడిచిన గాలి యెంతయో చెప్పుచుండెను. ఇట్లు గరిష్ఠముగ పీల్చి గరిష్ఠముగ విడువగల గాలికే ఆయన వైటల్ కెపాసిటీ యని పేరిడెను. నావికులు, పోలీసులు, అగ్నిమాపకదళమువారు, ముష్టియోధులు, ముద్రణాలయ కార్మికులు, దరిద్రులు మున్నగు 2130 మందిని పరీక్షించి 1846లో ప్రకటించిన బృహద్వ్యాసమున, అయిదు మొదలు ఆరడుగుల వఱకు ఎత్తు ఒక్కొక్క అంగుళము పెరిగినకొలది ఈ పరిమాణము సుమారు 8 ఘనపుటంగుళములు పెరుగునని ఆయన నిరూపించెను.

ఆ పరిశోధనలయందే శ్వాసకండరముల బలమునుగూడ ఆయన పాదరసస్తంభముతో కొలిచెను. ఇక్కడ ఫలితము వేరుగ నుండెను. ఉచ్ఛ్వాసబలము అయిదడుగుల ఏడెనిమిది అంగుళముల ఎత్తుగల పురుషులయందు సగటున మూడంగుళముల పాదరసమునకు చేరి, అంతకు మించి పొడవైనవారియందు క్రమముగ తగ్గెను. నిశ్వాసబలము ఉచ్ఛ్వాసబలముకంటె సుమారు మూడవవంతు అధికముగ కనిపించెను. అనగా విశాలమైన ఛాతి బలమైన ఛాతి కానక్కరలేదని ఆనాడే తేలినది. అయినను ఈ రెండవ మాట వెనుకబడెను. జీవితబీమా వైద్యుడైన హచిన్సన్ 1852లో ఆస్ట్రేలియాకు తరలి, 1861లో ఫిజీ ద్వీపములయందు మరణించెను. స్పైరోమీటరు మాత్రము వృద్ధినొందుచు వచ్చి, 1947లో పారిసునందు టిఫ్నో, పినెల్లీలు బలముగ విడిచిన మొదటి సెకను గాలిని కొలుచు పద్ధతిని ప్రతిపాదింపగా, ఉబ్బస రోగులను పరీక్షించుటకు ముఖ్యసాధనమయ్యెను.

బలమును వేరుగ కొలువవలసిన ఆవశ్యకత ఏమనగా: ఆరోగ్యవంతుని ఊపిరితిత్తులను నిండుగ విప్పుటకు 30 మొదలు 40 సెంటీమీటర్ల నీటి పీడనము చాలును, ఆతని కండరములో, 100 సెంటీమీటర్లకు పైబడిన పీడనమును పుట్టింపగలవు. ఈ మిగులు బలము కారణముగ, గిల్లాన్-బారే వ్యాధియందో, మయస్థీనియా గ్రావిస్ నందో కండరశక్తి సగము క్షీణించినను గాలి పరిమాణము కొంతమాత్రమే తగ్గును. అనుకూలమైన అంకెను చూచి వైద్యుడు నిశ్చింతనొందు వేళకే రోగి ప్రమాదపుటంచున నుండవచ్చును.

అందుచేత 1969లో అమెరికాయందలి మేయో క్లినిక్కున బ్లాక్, హయట్ అను వైద్యులు మూసిన లోహపు గొట్టమును, పీడనమాపకమును తీసికొని 120 మంది ఆరోగ్యవంతులను పరీక్షించిరి. ఊపిరితిత్తులను ఖాళీ చేసికొని గొట్టమునుండి శక్తికొలది పీల్చుట యొక కొలత. నిండుగ పీల్చి శక్తికొలది ఊదుట మఱియొకటి. గొట్టమునకొక సన్నని రంధ్రముండెను. కంఠద్వారమును మూసికొని బుగ్గలతో చప్పరించినను పీడనము పుట్టును గనుక, ఆ మోసమును నివారించుటకే యీ యేర్పాటు: రంధ్రముగుండ గాలి సాగుచున్నంతవఱకు బుగ్గల బలముమాత్రముతో పీడనము నిలువదు.

అయినను ఒక చిక్కు మిగిలెను. పరీక్ష యంతయు రోగి ప్రయత్నముపై నాధారపడియున్నది; పెదవులు సరిగ బిగింపలేని వృద్ధునకును, చెప్పినది గ్రహింపలేని బాలునకును అంకె తగ్గుట సహజము. దీనికి విరుగుడుగ ముక్కుతో గట్టిగ ఎగబీల్చునపుడు పీడనమును కొలుచుట, 1989 తర్వాత మెడపై అయస్కాంత ప్రేరణనిచ్చి ఉదరవితాననాడిని ఉద్దీపింపజేయుట అనునవి వచ్చినవి. ఈ చివరి పద్ధతికి రోగి సంకల్పముతో పనియే లేదు.

ఈ గొట్టము చెప్పు సాక్ష్యము ఏకపక్షమైనది. పురుషుని ఉచ్ఛ్వాసపీడనము 80 సెంటీమీటర్లు దాటినచో గణనీయమైన బలహీనత లేదని సాధారణముగ నిశ్చయింపవచ్చును, ఏలయన లేని బలమును ఎవడును చూపలేడు. తక్కువ అంకె వచ్చినచో మాత్రము, కండరము బలహీనమో, ప్రయత్నము బలహీనమో వైద్యుడే తరచి చూడవలెను.